షహనాజ్ ఎడమ కన్ను

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్ద డాక్టరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఇరవై ఆరేళ్లు నాతో పాటు ఈ కంటి ఆసుపత్రి మెట్లెక్కి దిగిన సిస్టర్లకు నమస్కారం. ఇందాకటి నుంచి అందరూ నన్ను, ఎలీసమ్మ గారికి కోపమే రాదని పొగుడుతున్నారు. వచ్చిందండీ. నాలుగేళ్ల కిందటే వచ్చింది. (నవ్వులు) నవ్వకండి మాబు గారూ, ఆ రోజు డ్యూటీలో మీరూ ఉన్నారు.

రెండువేల రెండు మార్చిలో షహనాజ్ అనే అమ్మాయి, పోలీసు ఉద్యోగానికి కళ్లజోడు అడ్డమని లేజరు చేయించుకుంది. తల్లి సర్దార్‌బీ మిరపకాయలకు తొడిమలు తీసే కూలీ. ఆ పద్ధతిలో నల్లగుడ్డు మీది పల్చటి పొర తీసి లేజరు కొడతారు. పొర మళ్లీ పెరిగే నాలుగైదు రోజులూ కంట్లో కట్టులాంటి మెత్తటి లెన్సు, పడుకునేటప్పుడు చెయ్యి తగలకుండా పైన చిల్లుల ప్లాస్టిక్ మూత ఉండాలి. ఆ రోజు మూతలు అయిపోయాయి. "తెప్పించేదాకా ఉంచుదామండీ, వాళ్లిల్లు మిరప కల్లం పక్కనే" అన్నాను. "ఇది లాడ్జి కాదు, పంపించెయ్. నువ్వు నర్సువి, డాక్టరువి కాదు" అన్నది మీరే, పెద్ద డాక్టరు గారూ. కూర్చోండి, పూర్తి చేయనివ్వండి.

పంపించాను. చెయ్యి పెట్టొద్దని చెప్పాను గానీ మూత సంగతి చెప్పలేదు, చెబితే అదేదని అడుగుతారని. మూడో రోజు సర్దార్‌బీ కూతుర్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. మిరప ఘాటుకి నిద్రలో నలుపుకుంటే ఎడమ కంట్లో లెన్సు ఊడిపోయి, పచ్చి పుండు చీము పట్టింది. "ఏదన్నా కట్టాలంటే నా కొంగు చింపైనా కట్టేదాన్నిగా తల్లీ, మాకెవరూ చెప్పలా" అంది.



నెలన్నరకు పుండు మానింది, తెల్ల మచ్చ మిగిలింది. ఆ ఉద్యోగం దక్కకుండా పోయింది. కేసు షీటులో పెద్ద డాక్టరు గారు నాతో 'రోగి అజాగ్రత్త' అని రాయించారు. కింద సంతకం నాది.

నిన్న వాళ్లింటికి వెళ్లి, జరిగిందంతా నా చేత్తో రాసిచ్చాను. ఇంకో ప్రతి పెద్ద డాక్టరు గారి బల్ల మీద ఉంది. షహనాజ్ చదివి, "నాలుగేళ్లుగా మా అమ్మ నన్నే తిడుతోందండీ, నిద్రలో ఒళ్లు తెలియదా అని" అంది. సర్దార్‌బీ మాత్రం నన్ను సాగనంపడానికి గుమ్మం దాకా కూడా రాలేదు.

సిస్టర్లూ, మీరు తిట్లు తినండి, సంతకం మాత్రం పెట్టకండి. శాలువాకు, ఓపికకు కృతజ్ఞతలు. నాకిక సెలవు.