బస్సుల స్ట్రైకు నాటి పెళ్ళిచూపులు

“స్ట్రైక్ అంటే సమ్మె, అంతేగా నాయనమ్మా?”

అంతేనా! ఎంత తేలిగ్గా అనేసావే. సమ్మె ఒక్కటే అయితే నాకు ఇంత నవ్వెందుకొస్తుంది? ఆ ఫోను ఇటు దగ్గరగా పెట్టు. రికార్డవుతోందా? సరే. ముందే చెప్తున్నా, ఈమధ్య నాకు ముందుది వెనక్కి, వెనకది ముందుకి వెళ్ళిపోతున్నాయి. పొద్దున మాత్ర వేసుకున్నానో లేదో మీ అమ్మనడగాలి. అందుకే గుర్తున్నప్పుడే చెప్పేయాలని ఆత్రం. వరస తప్పితే తప్పనీ, జరిగింది మాత్రం జరిగిందే.

ఆ మాటకున్న అర్థాలు నేను బళ్ళో నేర్చుకోలేదు. నేను బడికెళ్ళింది ఎంతని? బెల్లం కట్టిచ్చిన కాగితమైనా చదివి గానీ పారేసేదాన్ని కాదు, అదీ నా చదువు. ఈ ఒక్క మాట మాత్రం ఇంగ్లీషు మాస్టారే ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఎప్పుడనుకున్నావ్? మీ సుజాతత్తయ్య పెళ్ళిచూపుల్లో!

సుజాత మా అక్క కూతురు, తెలుసుగా. వాళ్ళది నందిగామ, మేమేమో జగ్గయ్యపేట. అప్పటికి మీ నాన్నకి పెళ్ళి కాలేదు. కాదు కాదు, అయింది. మీ అమ్మ పురిటికి పుట్టింటికెళ్ళింది, అందుకే రాలేదు. ఏ సంవత్సరమో నువ్వే లెక్కేసుకో. శ్రావణమాసం మాత్రం ఖాయం. ఎందుకంటే ఆ వేసవిలో పెట్టిన ఆవకాయ అప్పుడే మంచి రుచికొచ్చింది. ఆ ఆవకాయ సంగతి మళ్ళీ వస్తుంది, ఉండు.

సుజాతకి అంతకు ముందు చాలా సంబంధాలొచ్చాయి. వచ్చినవాళ్ళంతా స్వీటు తినడం, కాఫీ తాగడం, చెప్పులేసుకుంటూ “ఇంటికెళ్ళి కబురు చేస్తామండీ” అనడం. ఒక్క ఇంటినించీ కబురు రాలేదు. వీధిలో సైకిలు బెల్లు వినపడితే చాలు, మా బావ పోస్టుమ్యాననుకుని చొక్కా వేసుకుని బయటికొచ్చేవాడు. తీరా చూస్తే పాలబ్బాయి. మా అక్క దిగులుతో చిక్కి సగమైంది. ఆ రోజు జడ వేస్తుంటే సుజాత నాతో అంది, “పిన్నీ, వీళ్ళు కూడా కబురు చేస్తామంటే ఇదే ఆఖరు. ఇంక పట్టుచీర కట్టుకుని ఎవరి ముందూ కూర్చోను.” నవ్వుతూనే అందిగానీ, జడ మాత్రం నా చేతిలో బిగుసుకుపోయింది. అది అన్నంత పనీ చేసే రకం.

వచ్చింది మైలవరం వాళ్ళు. అబ్బాయి, తల్లి, తండ్రి, అంతే. అబ్బాయి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాడు.

“మావయ్యేనా?”

ఆగవే! అన్నీ ముందే అడిగేస్తే నేనేం చెప్పను? తండ్రి పాపం మాటకారి కాదు, ఎటు కూర్చోబెడితే అటు కూర్చునే మనిషి. తల్లి మాత్రం... పేరు అన్నపూర్ణమ్మా? సత్యవతమ్మా? నాలిక చివరుంది. ఆవిడకి పాత పట్టింపులెక్కువ. సంబంధం ఖాయం కాకుండా ఆడపిల్ల ఇంట్లో ఉప్పు తినకూడదంది. ఉప్పు తింటే మాట ఇచ్చినట్టేనట. మనలో అందరికీ ఉన్న పట్టింపేగానీ, భోజనం వరకే చూస్తాం. ఆవిడ బజ్జీల్లో ఉప్పు కూడా లెక్కపెట్టింది. అబ్బాయి మిరపకాయ బజ్జీ మీద చెయ్యి వేసాడో లేదో “ఒరేయ్” అంది. ఆ చెయ్యి అట్లాగే గాల్లో ఆగి, అట్నించి మైసూర్‌పాకు మీద వాలింది.

“పాటలేమన్నా వచ్చా అమ్మాయ్?” అనడిగింది.

“రావండీ. క్యారమ్స్ వచ్చు” అంది సుజాత.

మా అక్క నా మోచేతిని గిల్లింది. అబ్బాయి తల వంచుకుని నవ్వుకోవడం నేను చూసా. ఆవిడా చూసింది. చూసి వెంటనే లేచింది. “సాయంత్రం జి.కొండూరులో ఇంకో సంబంధం చూడాలి వదినగారూ. ఇంటికెళ్ళి కబురు చేస్తాం.”

అయిపోయింది. మా బావ మొహం చూడాలి. సుజాత లోపలికెళ్ళి గాజులు తియ్యడం మొదలుపెట్టింది. అవి నా గాజులే, ఆ పూటకి ఇచ్చా.

సరిగ్గా వాళ్ళు గుమ్మం దిగుతుంటే ఎదురింటి కోటేశ్వరమ్మగారు కొబ్బరికాయల సంచీతో ఆయాసపడుతూ వెనక్కొచ్చింది. వేదాద్రి నరసింహస్వామి దర్శనానికని పొద్దున్నే బయల్దేరిన మనిషి. “ఎక్కడికండీ వెళ్తారు? బస్సులన్నీ ఆగిపోయాయి! ఉన్నట్టుండి స్ట్రైకు! డ్రైవర్లందరూ బస్టాండులో చెట్టుకింద కూర్చున్నారు. కండక్టర్ని అడిగితే, స్వామి ఎక్కడికీ పోడు, రేపెళ్ళమ్మా అన్నాడు.”

కబురు చేద్దామంటే ఇల్లు చేరాలి కదా! ఇల్లు చేరాలంటే బస్సుండాలి కదా! అబ్బాయి తండ్రి మెల్లిగా ఒక చెప్పు విప్పాడు. ఆవిడ చూపు చూసి మళ్ళీ వేసుకున్నాడు. కాసేపటికి ఎండకి ఆవిడే విప్పింది.

ఏం మాట్లాడాలి చెప్పు? పెళ్ళిచూపులు అయిపోయాయి. మాటలన్నీ అయిపోయాయి. అందరం గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాం. అప్పుడా అబ్బాయే, “బోర్డుందాండీ?” అన్నాడు.

సుజాత మంచం కిందనించి క్యారమ్ బోర్డు లాగింది. పౌడరు లేదు. అలంకారానికని కొన్న మొహం పౌడరు డబ్బా తెచ్చి బోర్డు మీద బోర్లించేసింది. ఇల్లంతా ఘుమఘుమ. ఇంక చూడు, పట్టుచీర కొంగు నడుముకి దోపి, టక్కు టక్కున కొడుతుంటే కాయిన్లు పిల్లి వెంటపడ్డ ఎలకల్లా కన్నాల్లోకి దూరేవి. మా అక్క నా చెవిలో, “ఒక్కటన్నా ఓడిపొమ్మని చెప్పవే” అంది. నేనెందుకు చెప్తా? నాకు ఈలేయాలనుంది. అబ్బాయి ఓడినకొద్దీ మొహం వెలిగిపోతోంది. ఇట్లాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు.

నాకప్పుడు అనుమానం వచ్చింది. ఉండబట్టక అడిగేసా. “బాబూ, నువ్వు ఇంగ్లీషు మాస్టారివి గదా. బస్సులాపడమూ స్ట్రైకే, ఈ కొట్టే బిళ్ళా స్ట్రైకరే. ఒకటి పని ఆపడం, ఒకటి కొట్టడం. రెంటికీ ఏం చుట్టరికం?”

“పిన్నిగారూ, అసలు అర్థం కొట్టడమే” అన్నాడు. బెత్తం లేకుండానే బడి మొదలుపెట్టాడు. దెబ్బ కొట్టినా స్ట్రైకే. పిడుగు పడ్డా స్ట్రైకే. గడియారం గంట కొట్టినా స్ట్రైకే. అగ్గిపుల్ల గీసినా స్ట్రైకే. రాసిన మాట కొట్టేసినా స్ట్రైకే.

“ఇదేదో మన కొట్టడంలాగే ఉందే. మనమూ గంట కొడతాం, రాసింది కొట్టేస్తాం.”

“అంతేనండీ. మరి పని ఆపడమంటారా, పూర్వం ఓడల్లో పనివాళ్ళకి కోపమొస్తే తెరచాపలు దించేసేవాళ్ళట. చాప దించడాన్నీ స్ట్రైకనేవాళ్ళు. ఓడ కదలదు. అట్నించి వచ్చింది. గుడారం విప్పడం కూడా స్ట్రైకే.”

“శుభమా అని పెళ్ళిచూపులకొచ్చి పందిళ్ళు విప్పే మాటెందుకురా!” అంది వాళ్ళమ్మ. వింటూనే ఉందన్నమాట!

“బేరం కుదిరినా స్ట్రైకే అంటారమ్మా” అన్నాడు. బోర్డు వంక చూస్తూనే అన్నాడు. సుజాత కొట్టబోయిన దెబ్బ తప్పిపోయింది. ఆ రోజు దాని గురి తప్పింది ఆ ఒక్క దెబ్బకే.

అప్పుడు వాళ్ళ నాన్న నోరు విప్పాడు. అంతసేపటికి అదే మొదటి మాట. “ఒరే, ఆకలితో కూర్చోబెట్టడాన్ని కూడా అదేనా అనేది?”

అందరం గొల్లుమన్నాం. ఆవిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. పాపం, నిజంగానే ఆకలి. లోపల వంటంతా సిద్ధంగా ఉంది, నెయ్యి కాగిన వాసన ముందు గదిలోకొస్తోంది. మా అక్క పిలుస్తుంది, ఆవిడ వద్దంటుంది. హోటల్లో తిందామంటే ఆవిడ హోటల్లో తినదు. ఇంట్లో తింటే ఉప్పు. జి.కొండూరు పిల్లని చూడకుండా మాట ఎట్లా ఇస్తాం అంటుంది. అదీ న్యాయమే, ఆ పిల్ల కూడా చీర కట్టుకుని కూర్చునే ఉంటుందిగా.

ఇదిగో, అప్పుడు స్ట్రైకయింది నాకు! ఈ అర్థం ఆ అబ్బాయి చెప్పలేదు, మనూరి పిల్లలంతా అంటారు, బుర్రకి తట్టడం. “వదినగారూ, మీ పట్టింపు ఉప్పుతోనేగా? ఉప్పు లేకుండా వండిస్తా. ఉప్పు ఎదురింటి కోటేశ్వరమ్మగారి దగ్గర తెప్పిస్తా. మా ఇంటి ఉప్పు ఒక్క రవ్వ మీ నోట్లోకి రాదు.”

ఆవిడ ఆలోచించింది. మొగుణ్ణి చూసింది, కొడుకుని చూసింది. “అయితే పర్లేదు” అంది.

మా అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, “కొత్త వియ్యాలవారికి చప్పిడి కూడు పెట్టమంటావా!” అని గోల. పెట్టాం! ముద్దపప్పు చప్పగా, దోసకాయ కూర చప్పగా, చారు చప్పగా. పొద్దున చేసినవన్నీ పక్కన పెట్టి మళ్ళీ చేసామే! కోటేశ్వరమ్మగారు గిన్నెలో ఉప్పు పట్టుకుని, ప్రసాదం పంచినట్టు ప్రతి విస్తరి చివరా చిటికెడు పెడుతూ వచ్చింది. “ఇది మాదండీ, ఇది మాదండీ” అని ఒక్కొక్కళ్ళకీ చెప్పడం.

బాగానే తింటున్నారు. నేను నెయ్యి వడ్డిస్తున్నా. ఆవిడ ముద్దపప్పు కలిపింది, నెయ్యి పోయించుకుంది, పక్కన ఎర్రగా కనపడిన ముక్క నంజుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకో ముద్ద. మళ్ళీ వేయించుకుంది. ముక్క చీకి, టెంక పక్కన పెట్టి అంది గదా, “వదినగారూ, ఎవరు పెట్టారండీ ఈ ఆవకాయ?”

“మా సుజాతేనండీ, ఈ ఏడు జాడీ మొత్తం అదే కలిపింది.”

“ఎంత బాగా కుదిరిందనుకున్నారు! ఉప్పు సరిగ్గా...”

అంతే. ఆగిపోయింది. మేమందరం ఆగిపోయాం. కోటేశ్వరమ్మగారు గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. “అది మాత్రం మాది కాదండీ” అంది.

ఆ పెద్దాయన నవ్వాడే! అంత నెమ్మదైన మనిషి, విస్తరి ముందు పొట్ట పట్టుకుని, పొలమారి, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు. “ఇంకేం కబురు చేస్తావే? రెండోసారి కూడా వేయించుకున్నావ్!” ఆవిడ ముందు మూతి బిగించింది. తర్వాత పెదవి వణికింది. తర్వాత ఆ నవ్వు ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మా అక్కతో, “రాసిపెట్టి ఉంది వదినగారూ. కబురు ఇక్కడే చెప్తున్నా. మాకు మీ పిల్ల నచ్చింది” అంది. మా అక్క పెరుగు గిన్నె పట్టుకుని ఏడుపు.

“మరి నన్నెవరూ అడగరా?” అని వెనకనించి సుజాత.

నిజమే, అడగలేదు! మా బావ గొంతు సవరించుకున్నాడు. సుజాత వినిపించుకోకుండా బోర్డు దగ్గర కూర్చుంది. “ఆ గేమింకా అవలేదు. ఆయన్ని రెడ్డేసి, వెంటనే ఫాలో వెయ్యమనండి. అప్పుడు చెప్తా.” ఎర్రదాని వెనక ఇంకో కాయిన్ కూడా పడాలి, లేకపోతే ఎర్రది మళ్ళీ మధ్యకొచ్చేస్తుంది, తెలుసుగా. పొద్దుటినించీ ఒక్క ఆటా నెగ్గని మనిషి! చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, స్ట్రైకరు పెట్టి కొట్టాడు. రెడ్డు పడింది! ఎట్లా పడిందో ఆయనకే తెలీదు. రెండో దెబ్బ కొట్టాడు. కాయిన్ దొర్లుకుంటూ వెళ్ళి కన్నం అంచు మీద ఆగింది. పడదు, వెనక్కి రాదు. అందరం బోర్డు మీదికి వంగాం. వాళ్ళమ్మ, “పడవే, పడు” అంటోంది.

సుజాత చిటికెనవేలితో దాన్ని చిన్నగా తట్టింది. “పడిందిగా” అని లేచి లోపలికెళ్ళిపోయింది. గాజులు మళ్ళీ వేసుకున్న చప్పుడు వినిపించింది.

ఆ, మీ మావయ్యే. ఇప్పుడు నవ్వు. సాయంత్రం సిమెంటు లారీ ఒకటి ఆపి, డ్రైవరు పక్కన కూర్చోబెట్టి పంపించాం, తాంబూలం చేతిలో పెట్టి. జి.కొండూరు వాళ్ళకి వీళ్ళే మనిషిని పంపి చెప్పారు. ఆ పిల్లకీ మంచి సంబంధమే కుదిరిందిలే, తర్వాత విన్నాం.

ఒక్కటే నాకు అంతుపట్టదు. ఆ ఆవకాయ విస్తట్లోకి ఎట్లా వచ్చింది? ఉప్పున్నదేదీ బయటికి రాకూడదని నేనే జాడీ అటక మీద పెట్టించా. మా అక్క వడ్డించలేదంది. నేను వడ్డించలేదు... లేదనే అనుకుంటున్నా. నా బుర్రని ఇప్పుడు నేనే నమ్మలేను. సుజాతని ఎన్నిసార్లడిగినా, “ఎవరో వడ్డించారులే పిన్నీ” అని నవ్వుతుంది. అటక అందేంత పొడుగు ఆ ఇంట్లో దానికొక్కదానికే.

నువ్వు ఫోన్ చేసి అడుగు, నీకు చెప్తుందేమో. నీకూ అట్లా నవ్వుతూ ఓడిపోయేవాడే దొరకాలి తల్లీ. ఇది వినిపించి పేర్లన్నీ సరిచూడమను. వాళ్ళత్తగారు అన్నపూర్ణమ్మా, సత్యవతమ్మా... ఎదురింటావిడ కోటేశ్వరమ్మేనా... నేను మర్చిపోకముందే అడగవే.