లోపలి జేబు

మేనకోడలు ఆఫీసు నుంచి తిన్నగా దర్జీ మామయ్య కొట్టుకే వచ్చింది. పేగు ఆపరేషన్ తర్వాత మలం చేరడానికి పొట్టకు అతికించిన సంచి పైకి కనపడకుండా, ఆయన లోపల జేబు పెట్టి కుట్టిచ్చిన పొడుగు చొక్కానే వేసుకుని ఉంది.

"ఏమ్మా, బిగుతైందా?"

"లేదు మామయ్యా, హాయిగా ఉంది. ఆర్నెల్ల తర్వాత పొద్దున అద్దంలో చూసుకుని నవ్వాను."

"మరి! నా చొక్కాలో ఏనుగును దాచినా మావటివాడు కనిపెట్టలేడు."

"ఆఫీసులో ఒక్కరూ నా మొహం చూడలేదు. అందరూ పొట్టకేసే చూశారు. ఎవరికి చెప్పావు?"

"ఒట్టు, ఎవరికీ చెప్పలేదే! మొన్న మీ మేనేజరమ్మ కోటు కుట్టించుకోడానికొస్తే, నా పనితనం చూడమని ఆ సంచి జేబు తిరగేసి చూపించానంతే."

"నాదని చెప్పావా?"

"మా మేనకోడలిదని గర్వంగా చెప్పాను."

"ఈ సంచి సంగతి అమ్మకి కూడా చెప్పలేదు, నీకొక్కడికే చెప్పాను. ఏనుగును దాచగలవు గానీ మాటను దాచలేకపోయావు మామయ్యా."

"తప్పైపోయిందే తల్లీ."

"నీ కొలతల పుస్తకంలోంచి నా కాగితం చింపి ఇచ్చెయ్."

"పిచ్చిదానా, ఇంత ఒద్దికగా ఇంకెవరు కుడతారే నీకు?"

"నేనెవరో తెలియనివాడు."