పోలయ్య తెచ్చిన డబ్బీ

ఉక్కు కర్మాగారాల ఊళ్ళో, సాక్చి బజారు వెనక క్షయ దవాఖానా, 1961 చలికాలం. నర్సు పరంజ్యోతి, గోల్‌మురి పేట నుంచి వచ్చిన ఇనప రేకుల మిల్లు కార్మికుడు పోలయ్య.

"ఇంకోసారి దగ్గు, పోలయ్యా."

"దగ్గినాను గదా, సిస్టరమ్మా."

"దగ్గావు. డబ్బీలో పడింది ఉత్తి ఉమ్మి. నాక్కావలసింది తెమడ."

"ఇప్పుడు రాదమ్మా. తెల్లారి లేవగానే అయితే వత్తాది. ఎప్పుడూ ఇంటికాడే పట్టి తెత్తాను గదా."

"ఈసారి ఇక్కడే, నా ఎదురుగా. డాక్టరుగారు చెప్పారు."

"ఏటి, నా మీద నమ్మకం నేదా?"

"కూర్చో. నాకూ నిలబడే ఓపిక లేదు. ఈ ఎక్స్‌రే చూడు. నువ్వు మొదట వచ్చినప్పటిది. ఇదిగో, ఇక్కడ మచ్చ. ఇది మొన్నటిది."

"మచ్చ నేదు."

"లేదు. ఒళ్ళు చేశావు, జ్వరం పోయింది, నెత్తురు పడటం మానేసింది. కాని నువ్వు తెచ్చిన ప్రతి డబ్బీలోనూ క్షయ పురుగులే. డాక్టరుగారు మైక్రోస్కోపులో చూసి చూసి తల పట్టుకుంటున్నారు."

"మందు పని సెయ్యనేదేమో."

"ఈ కొత్త మందు పరీక్షిస్తున్నవాళ్ళూ అదే రాసేస్తారు. అదే నా బాధ. సూది మీకందరికీ ఒకటే. బిళ్ళ దగ్గరే తేడా. సగం మందికి కొత్త మందు బిళ్ళ, సగం మందికి ఉత్తి పిండి బిళ్ళ."

"పిండి బిళ్ళా? ఎందుకమ్మా ఆ మోసం?"

"మోసం కాదు. చేరిన రోజే చెప్పాం, నువ్వు సరేనన్నావు."

"నెత్తురు కక్కుతున్నోడికి ఏటి ఇనపడతాది?"

"అదీ నిజమే. మళ్ళీ చెప్తాను, విను. సూదితోనే కొంతమందికి తగ్గుతుంది. కొత్త బిళ్ళ వల్ల ఇంకా ఎక్కువ మందికి తగ్గుతోందా లేదా? రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే గాని తెలీదు. ఎవరికి ఏది వెళ్ళాలో చీటీలు తీశారు. నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు."

"డాక్టరుగారికి కూడానా?"

"తెలిస్తే మందు మింగినవాడు బాగున్నట్టే కనపడతాడు మాకు. మేమూ మనుషులమే గదా. అందుకే దాచారు. ఇక చూసుకో, నీలాంటివాళ్ళు ఇంకొందరు ఇలాంటి డబ్బీలు తెచ్చారంటే, మంచి మందయినా మూలపడుతుంది. రేపు జబ్బు పడేవాడికి అందదు."

"ఇలాంటి డబ్బీ అంటే ఏటి?"

"ఇంకొకరి డబ్బీ."

"భట్టీ సూసారా మీరు ఎప్పుడన్నా?"

"లేదు."

"ఎర్రగా కాలిన రేకు పటకారుతో లాగాల. మొహం పేలిపోతాది. నీల్లు తాగింది తాగినట్టే సెమట. జబ్బు సేసేక స్టోరులో కూకోబెట్టారు. నట్లు తుడవడమే పని. జబ్బు పోయిందని మీరు రాసిచ్చిన మర్నాడు మల్లీ భట్టీయే. అలిసిపోనానమ్మా. ఇంకొన్నాల్లు కూకుందారి అనుకున్నాను, అంతే."

"నీకు తేలిక పనే ఉంచమని డాక్టరుగారి చేత రాయిస్తాను. ఆ సంగతి నాకొదిలెయ్యి. ఆ తెమడ ఎవరిది?"

"ఎవుల్దైతే ఏటి లెండి."

"కొన్నావా?"

"సీ, అలాటిది కాదు."

"మీ పక్క క్వార్టరు జగ్గారావుదా? అతనూ ఇక్కడి బిళ్ళలే మింగుతున్నాడు."

"ఆడికి తెల్దమ్మా. జబ్బున్నోల్లది ముట్టుకోనేదు నాను, పిల్లల మీద ఒట్టు. బాగున్నోల్లదే తెచ్చాను."

"బాగున్నవాళ్ళదా?"

"తెమడ కనపడితే సాలు, జబ్బున్నట్టే మీరు రాసుకుంటారనుకున్నాను."

"ఎవరిది, పోలయ్యా?"

"నా పెళ్ళాం రుక్మిణిది. పొయ్యి పొగకి దగ్గుతాది. పొద్దున్నే దండిగా పడతాది. నాకు రావడం మానేసింది గదా, దాన్దే పట్టాను."

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూ. అలా సూత్తన్నారేటమ్మా?"

"ఇంట్లోవాళ్ళందర్నీ ఎక్స్‌రేకి తీసుకురమ్మన్నాం గదా. ఆమె ఎందుకు రాలేదు?"

"అదొత్తే వంట ఎవులు సేత్తారు? ఎప్పటికప్పుడు రేపంటాది."

"రాత్రిళ్ళు చెమట పడుతుందా?"

"సీర తడిసిపోతాది. సిక్కిపోయింది కూడాని. నా సాకిరీ, పిల్లల సాకిరీ... అందుకే గదా?"

"పోలయ్యా, పురుగులు డబ్బీలో ఉన్నాయి. నీ గుండెల్లో లేవు."

"నాను మింగింది మందు బిళ్ళే గదమ్మా? నాకు బాగయ్యింది గదా?"

"తెలీదయ్యా. చెప్పాను గదా, నాకు తెలీదు."

"ఏదైనా సరే, నాకిచ్చిందే దానికీ ఇప్పించండి. బాగయ్యిందని నాకు ఇయ్యాలే రాసిచ్చేయండి. సాయంత్రం షిఫ్టుకే భట్టీకాడికి ఎల్లిపోతాను."