ప్రార్థనతో నడిచిన లిఫ్టు

"ముందు ఇది చెప్పండి. మీలో రోజుకి నాలుగు గంటలు ప్రార్థనలో కూర్చునేవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని లిఫ్టు మెకానిక్ అడిగాడు. బెంచీ మీదివాళ్లు టీ ఊదుకుంటున్నారు.

"లేడుగా. అందుకే మీ బతుకులు అలా ఏడిశాయి. నేను మన వీధి ప్రార్థన బృందంలో చేరాక నా పని తీరే మారిపోయిందనుకోండి. మొన్నామధ్య ఆస్పత్రి లిఫ్టు ఆగిపోయింది. పానా ముట్టలేదు, కళ్లు మూసుకుని తలుపు మీద చెయ్యి పెట్టానంతే, కదిలింది."

"కరెంటు వచ్చి ఉంటుందిలే అన్నా," అన్నాడు టీ కొట్టాయన.

"ఆ రోజు ఊళ్లో కరెంటే లేదయ్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్యాంకు వాళ్లు ఫోన్ చేశారు. నేను వెళ్లను కూడా లేదు, ఫోన్లోనే ప్రార్థించాను, రెండు లిఫ్టులు లేచి నిలబడ్డాయి. అందులో ఒకదానికి ఇనప తాడు కూడా లేదు, మార్చడానికని విప్పేసి పెట్టారు పాపం."

"తాడు లేకుండానా?" అన్నాడు తాపీ మేస్త్రీ.

"నమ్మకం ఉండగా తాడెందుకూ? అసలుది ఇంకా చెప్పనేలేదు. మా బిల్డింగు లిఫ్టెక్కి కాస్త గట్టిగా ప్రార్థించానా, అది ఆరో అంతస్తు దాటింది, డాబా దాటింది, మబ్బుల్లోకి పోయింది. ఎదురొచ్చిన గద్ద పక్కకి తప్పుకుంది. పైన దేవుడే తలుపు తీసి, 'సమయానికొచ్చావు, మా ఇంటి లిఫ్టు కూడా కాస్త చూసిపెట్టు' అన్నాడు."

"చూశావా మరి?"

"చూడకుండా వస్తానా? అరగంటలో బాగుచేసి పెట్టాను."

"అందుకేనా నాన్నా, మన లిఫ్టు పందొమ్మిది రోజులుగా కిందికి రాలేదు?"

వెనక అతని కూతురు నిలబడి ఉంది, భుజాన అతని పనిముట్ల సంచీతో.

"దేవుడికి అరగంట ఇచ్చావు, మన లిఫ్టు దగ్గరికి ఒక్క పూట రాలేకపోయావు. ఇవాళ పదకొండింటికి నానమ్మకి కంటి ఆపరేషన్. ఆరో అంతస్తు నుంచి దిగుతూ నాలుగో అంతస్తులో మోకాళ్లు పట్టేసి మెట్టు మీదే కూలబడింది. తనూ ప్రార్థిస్తూనే దిగింది, మెట్టుకొకసారి."

మెకానిక్ గ్లాసులోకి చూశాడు. "సాయంత్రం ప్రార్థన సభ అవగానే వచ్చి..."

కూతురు అతని మాట పూర్తి కానివ్వలేదు. సంచీలోంచి పానా తీసి బెంచీ వైపు తిరిగింది.

"టీ కొట్టు బాబాయ్, మీరూ మేస్త్రీ గారూ కొట్లో కుర్చీ పట్టుకుని నాతో రండి, నానమ్మని దించాలి. మిగతావాళ్లు ఈయన చేతిలో గ్లాసు తీసేసి ఈ పానా పెట్టి లిఫ్టు దగ్గరికి తీసుకురండి. కళ్లు మాత్రం మూసుకోనివ్వకండి."