బసవేశ్వరరావు గారి కేక, నా గొంతు

అధ్యక్ష స్థానంలో ఉన్న మా యజమాని చెంచురామయ్య గారికి, ఇవాళ రిటైరై, శాలువా కప్పించుకుని ఫ్యాను కోసం దిక్కులు చూస్తున్న బసవేశ్వరరావు గారికి, రేపటి నుంచి ఆయన్ని రోజంతా ఇంట్లో భరించబోతున్న పున్నమ్మ గారికి, భోజనాల వాసన తగిలి కుర్చీ అంచుకు జరిగిన మిత్రులకు నమస్కారం.

నేను బ్రహ్మాజీని. మాది రేపల్లె. ఈ తెనాలి ఆఫీసులో క్యాంటీన్ నాది. పదో తరగతి పరీక్ష రెండుసార్లు రాశాను, రెండోసారి హాలుకు దారి బాగా తెలిసింది. (నవ్వులు)

బసవేశ్వరరావు సారు పని నాకు అర్థమైనంతలో చెబుతాను. మీరు కోడ్ కొట్టేది ఇక్కడ, అది నడిచేది క్లౌడ్ అనే అద్దె యంత్రంలో, అందరికీ కలిపి ఒకటే. రాసిన మార్పు పట్టాలంటే అక్కడి సర్వీసును ఒకసారి ఆపి మళ్లీ లేపాలి. ఆపేముందు సారు మెసేజీ పెట్టేవారు కాదు. బాపట్ల బస్సు కండక్టరులా లేచి నిలబడి, "సేవ్ చేసుకోండి, ఆపుతున్నా" అని కేకేసేవారు. వెంటనే అందరూ చేతిలో పని వదిలి టీకి వచ్చేవారు.

అక్కడే నా బుద్ధి వంకర తిరిగింది. పునుగులు దింపినప్పుడల్లా, సారు సీట్లో లేకుండా చూసుకుని, వంటగది తలుపు చాటు నుంచి అచ్చం సారు గొంతుతో ఆ కేక వేసేవాణ్ణి. మీరు పరిగెత్తుకొచ్చేవారు, సర్వీసు మాత్రం ఆగేది కాదు. ఆ రోజుల్లో సారుకి నిజంగా ఆపే పని పడలేదు. పదిహేను రోజులకు, "ఈయన అరుస్తాడేగానీ ఆపడు" అని మీకు నమ్మకం కుదిరింది.

పదహారో రోజు సారు నిజంగానే అరిచారు. ఎవరూ కదల్లేదు. నిజాంపట్నం చేపల బోట్లకు ఐసు ఎంత పట్టాలో చెప్పే యాప్ మీద సంధ్యారాణమ్మ పొద్దున్నుంచి నడుపుతున్న పరీక్షంతా పోయింది. తల్లీ, అలా చూడకు, నీ సాంబారు గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది. (నవ్వులు)

ఉత్తుత్తి కేకలతో అందర్నీ ఏమరిపాటులో పడేశారని సారుకి మెమో ఇచ్చారు. ఇందాక అధ్యక్షులవారు, "పన్నెండేళ్లలో ఒక్క మెమో తప్ప మచ్చ లేదు" అన్నారే, అది ఇదేనండి.

ఆ సాయంత్రం సారు ఒక్కరే టీకి వచ్చారు.

"పునుగులు వేడిగా ఉన్నాయంట్రా?"

"ఉన్నాయండి."

"మరి కేకెయ్యలేదేం?"

జల్లిగరిట పక్కన పెట్టాను. ఆ కేకలు నావని తెలిసి కూడా ఎందుకు చెప్పలేదండీ అని అడిగితే, "నాకైతే కాగితం. నీకైతే పొయ్యి ఆరిపోద్ది" అన్నారు. ఇంకో రెండు పునుగులు వేయించుకుని వెళ్లారు.

మూడేళ్లు నోరు మూసుకున్నాను. నన్నెరిగినవాళ్లకు అదెంత కష్టమో తెలుసు.

అధ్యక్షా, ముందు మంచినీళ్లు తాగండి. తర్వాత ఆ మెమో మీద పేరు కొట్టేసి నాది రాయించండి. క్యాంటీన్ తాళం ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను. మీరేం చేసినా సరే, సారు మాత్రం ఈ మెట్లు మచ్చ లేకుండా దిగాలి.

విన్నందుకు అందరికీ దండాలు. సేవ్ చేసుకోండి, ఆపుతున్నా. ఈసారి నా గొంతే. సెలవు.