కెప్టెన్ కందిరీగ వంతు

మధ్యాహ్నం ఎండ వాలుతోంది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కూతురి కంప్యూటరు. దాని ముందు కుర్చీలో అత్తగారు. గుమ్మంలో ఖాళీ అట్టపెట్టె పట్టుకుని అల్లుడు.

“కాస్త లేస్తారా అత్తయ్యా, వైర్లు తీసేస్తాను.”

“పది నిమిషాలు ఆగు బాబూ. నా వంతు ఇంకా రాయలేదు.”

“పొద్దుట్నుంచీ పది నిమిషాలే అంటున్నారు. మా ఆఫీసువాడు బండి తీసుకుని వస్తానన్నాడు. కంప్యూటరు వాడికిస్తానని మాటిచ్చాను.”

“ఇంట్లో ఉన్న మనిషిని అడక్కుండా ఎలా ఇచ్చావు మాట?”

“ఎన్నాళ్ళని దీని ముందు కూర్చుంటారు చెప్పండి. కంచం కూడా ఇక్కడికే తెచ్చుకుంటున్నారు. కళ్ళు చూసుకున్నారా, ఎలా పీక్కుపోయాయో.”

“నా కళ్ళ సంగతి సరే. నీ మొహం చూసుకున్నావా? ఆ గడ్డమూ నువ్వూను. గోడౌన్‌లో మూటలు మోసేవాళ్ళే నయం.”

“నేనూ గోడౌన్‌లోనే కదండీ చేసేది.”

“సూపర్‌వైజరువి కదా. కాస్తయినా తేడా ఉండాలి.”

“మాట మార్చకండి. తను పోయాక ఇంక ఈ ఆట ఎవరికోసం? అసలు రోజూ ఏం రాస్తారు ఇందులో?”

“నీకు తెలీదులే ఇవన్నీ.”

“చెబితే తెలుస్తుంది కదా.”

“చెబితే ఆ పెట్టె కింద పెడతావా?”

“పెట్టాను. చెప్పండి.”

“ఇది యుద్ధం ఆట. బొమ్మలూ అవీ ఉండవు. తలా ఒక సిపాయి. ఎవరి సిపాయి ఏం చేశాడో వాళ్ళు రాయాలి, వంతుల ప్రకారం. ఆడేవాళ్ళు ఎక్కడెక్కడి వాళ్ళో, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసి ఎరగరు. మన పిల్ల కెప్టెను. కెప్టెన్ కందిరీగ. మగ సిపాయి.”

“ఆ పేరు తనే పెట్టుకుందా?”

“మరి నేను పెడతానా? నేను పెట్టిన పేరు దానికి ఏనాడు నచ్చింది గనక. చేతులు ఆడటం మానేశాక అది చెప్పడం, నేను కొట్టడం. కోర్టులో అన్నేళ్ళు టైపు కొట్టినదాన్ని, నాకిదో లెక్కా? కాకపోతే మొదట్లో ఏమీ తెలిసేది కాదు. ఒకసారి అది చెప్పకుండానే ‘శత్రువు చచ్చాడు’ అని కొట్టి పడేశాను. మంచం మీద నుంచి ఒకటే కేకలు. ‘అమ్మా, అలా రాయకూడదమ్మా, పరువు తీశావు’ అని.”

“ఎందుకు రాయకూడదు?”

“అదే కదా ఇందులో ఉన్నది. ‘కాల్చాను’ అని రాసుకోవచ్చు. ‘తగిలింది’ అని మాత్రం రాయకూడదు. తగిలిందో లేదో పాచికలు చెప్పాలి. కంప్యూటరే వేస్తుందిలే. ఎంత పడితే అందులోంచి దూరానికి కొంత తీసేస్తారు, పరిగెడుతూ కాలిస్తే కొంత, వాన పడుతుంటే ఇంకొంత. నిద్ర లేకుండా కాపలా కాసినవాడికి దానికీ తీసేస్తారు. అన్నీ పోను పది దాటితే తగిలినట్టు.”

“తగిలితే చచ్చినట్టేనా?”

“కాదు. తగిలాక ఏమైందో రాయాల్సింది తగిలినవాళ్ళు. తోలు గీసుకుపోయిందా, కూలిపోయాడా, ప్రాణమే పోయిందా. కొట్టినవాడికి ఆ హక్కు లేదు. ఎవరి చావు వాళ్ళే రాసుకోవాలి.”

“అలాగైతే ఎవడూ చావడు. అందరూ తోలు గీసుకుందనే రాస్తారు.”

“సిగ్గుండద్దూ? పాచికలు పెద్దగా పడితే పెద్ద దెబ్బే ఒప్పుకోవాలి. మొన్నామధ్య ఒకడు బాంబు నెత్తిన పడితే టోపీ నలిగిందని రాశాడు. నెల్లాళ్ళు వాణ్ని టోపీ అనే పిలిచారు.”

“ఇప్పుడు కెప్టెన్ ఎక్కడున్నాడు?”

“కాలువ గట్టు కింద గోతిలో. కూలిపోయాడు. కూలినవాడు కాల్చలేడు, కదలలేడు. కానీ రోజుకి ఒక్క మాటైనా రాయాలి వాడి తరఫున. రాయలేదంటే పోయినట్టు లెక్క. అందుకని...”

“అందుకని మీరు రాస్తున్నారు.”

“‘ఊపిరి ఆడుతోంది’ అని రాస్తాను. అంతే. రెండు మాటలు. దానికి నీ ఇల్లేం మునిగిపోదు.”

“నేనలా అన్నానా అత్తయ్యా?”

“పెట్టె పట్టుకొచ్చి నిలబడితే వేరే అనాలా? ఆ గోతిలో ఇంకో ఇద్దరున్నారు బాబూ. గరిటె అని ఒకడు, సన్నాయి అని ఒక అమ్మాయి. కెప్టెన్‌ని వదిలి వెనక్కి పోవడం లేదు. వాళ్ళకి తెలుసు, మన పిల్ల లేదని. నేనే చెప్పాను. ‘మీరు రాసినన్నాళ్ళూ మేమిక్కడే ఉంటాం అమ్మా’ అన్నారు. ఆ బురదలో, ఆ వానలో...”

“అది నిజం వాన కాదు కదండీ.”

“నాకు తెలీదా?”

“సరే. తెలుసు. మరి అవతలివాళ్ళు ఊరుకుంటారా?”

“అవతల గట్టు మీద ఒకడున్నాడు, మేజర్ నత్త అని. వాడే కొట్టింది. వాడి చెయ్యి విరిగిపోను. ఇంకో దెబ్బ కొట్టి ఏదో ఒకటి తేల్చడు. పోనీ వెనక్కి పోతాడా అంటే పోడు. రోజూ వాడి వంతు రాగానే ‘ఆగాను’ అని రాసి కూర్చుంటాడు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ తిట్టిపోస్తున్నారు, ఆట కదలక. పిరికి సన్నాసి.”

“పిరికి కాదేమో. ఏదో ఉండి ఉంటుంది.”

“ఏముంటుంది? వాడి గురించి నీకేం తెలుసని వెనకేసుకొస్తున్నావు? మంచాన పడ్డదాన్ని అంత దెబ్బ కొట్టాడు. ఆ వానలో, అంత దూరం నుంచి తగులుతుందని ఎవరూ అనుకోలేదు.”

“వానకి తీసేది రెండేనండీ. గట్టు మీద నుంచి కిందికి కాలిస్తే మూడు కలుస్తాయి. పడిందేమో పద్దెనిమిది. తగలక ఏం చేస్తుంది?”

“పద్దెనిమిది పడిందని నేను చెప్పానా?”

“ఇందాక చెప్పారుగా.”

“చెప్పలేదు.”

“అయితే అక్కడ కనబడి ఉంటుంది, తెర మీద.”

“నువ్వు గుమ్మంలో ఉన్నావు. నీ కళ్ళజోడు జేబులో ఉంది.”

“వైర్లు తీసేస్తాను అత్తయ్యా, లేవండి.”

“వైర్లు ఎక్కడికీ పోవు. ఇటు చూడు. బాబూ, ఇటు చూడమంటున్నాను. గట్టు మీద నుంచి కాలిస్తే మూడు కలుస్తాయని నాకే తెలీదు.”

“నేనేనండీ.”

“ఏమిటి నువ్వు?”

“నత్తని.”

“ఊరుకో.”

“నిజమేనండీ. పెళ్ళికి ముందు నుంచీ. అసలు మేం కలిసిందే అక్కడ.”

“స్నేహితుల పెళ్ళిలో కలిశామన్నారు? భోజనాల దగ్గర చూశానన్నావు?”

“అబద్ధం. ఆటలో ఒక వంతెన దగ్గర. నాతోపాటు మా జట్టువాళ్ళందర్నీ వంతెన మీదే పడగొట్టేసి, తర్వాత విడిగా నాకో ముక్క రాసింది, ‘గట్టిగా తగిలిందా?’ అని. నేను జవాబివ్వడానికి రెండు రోజులు పట్టింది. అప్పట్నుంచి నత్త అనేది. తర్వాత ఆ పేరే పెట్టేసుకున్నాను.”

“ఆ పెళ్ళి భోజనాల కథ ఎంతమంది చుట్టాలకి చెప్పానో నేను. మెచ్చుకుంటూ మరీ చెప్పాను.”

“క్షమించండి.”

“ఒకే ఇంట్లో ఉంటూ, నాకు తెలీకుండా మీరిద్దరూ కాల్చుకుంటూ ఉండేవాళ్ళా?”

“జబ్బు వచ్చాక ఇంట్లో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు అత్తయ్యా. మందు వేసుకున్నావా, ఏమైనా తిన్నావా. అంతే. ఇద్దరం గోడలు చూసుకునేవాళ్ళం. అక్కడైతే ఎప్పటిలాగే తిట్టేది నన్ను. గోడౌన్‌లో టీ వేళకి ఫోను తీసి చూసుకునేవాణ్ని, ఇవాళ ఏం తిట్టిందా అని.”

“మరి ఎందుకు కొట్టావు దాన్ని?”

“తనే కొట్టమంది. నేను కావాలని పరిగెడుతూ కాల్చి గురి తప్పిస్తున్నానని కనిపెట్టేసింది. ఆ పొద్దున డ్యూటీకి పోతూ వంగితే చెవిలో చెప్పింది. ‘జాలిపడి ఆడావంటే నీతో మాట్లాడను. సరిగ్గా కాల్చు’ అని. కాల్చాను. పద్దెనిమిది పడింది. వెనక్కి తీసుకోవడానికి లేదు. సాయంత్రం మీ ఫోను వచ్చింది.”

“అయ్యో బాబూ.”

“చూసిందా? చూడకముందే పోయిందా? అదొక్కటి తెలీక చస్తున్నాను అత్తయ్యా. మిమ్మల్ని అడగాలంటే నేనెవరో చెప్పాలి. చెబితే మీరు నా మొహం చూస్తారా? చివరికి తను చూసింది నేను కాల్చిన ఆ తూటాయేనా?”

“చూసింది.”

“సరే.”

“సరే కాదు, విను. చూసి నవ్వింది.”

“నా కోసం చెప్పకండి.”

“నీ కోసం ఎందుకు చెబుతాను? నువ్వే వాడివని ఇప్పుడేగా తెలిసింది నాకు. నేను పైకి చదివాను. చదివి వాణ్ని తిట్టాను కూడా. అదేమో ఒకటే నవ్వు. ముక్కు దగ్గర గొట్టం ఊడితే నేను సర్దాను. ‘నత్త కొట్టేశాడమ్మా, కొట్టేశాడు’ అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. దెబ్బ తిని ఇంత సంబరమేమిటే అన్నాను. చెప్పలేదు.”

“తర్వాత?”

“నీళ్ళు అడిగింది.”

“తర్వాత?”

“తాగింది. రెండు గుక్కలు. కిటికీ రెక్క తెరవమంది.”

“అది కాదండీ. దెబ్బకి జవాబు రాయాలిగా. ఏం రాయమంది?”

“వచ్చింది కదా జవాబు. నువ్వూ చదివే ఉంటావు.”

“మర్నాడు చదివాను. అంతా అయిపోయి, ఇంటినిండా జనం కూర్చుని ఉంటే, స్నానాల గదిలోకి పోయి ఫోను తీశాను. ‘కెప్టెన్ కూలిపోయాడు. ఊపిరి ఆడుతోంది’ అని ఉంది. కొళాయి తిప్పేసి ఏడ్చాను, ఎవరికీ వినబడకుండా. ఆ తర్వాత కూడా రోజూ వచ్చేది. మీరు రాస్తున్నారని తెలుసు. ఈ గదిలో టకటకా మీరు కొట్టడం వినబడేది. అయినా నా ఫోన్లోకి వచ్చేసరికి అది తను పంపినట్టే ఉండేది. ఎలా కాల్చమంటారు నన్ను?”

“మరి ఇవాళ పెట్టె ఎందుకు తెచ్చావు?”

“నేను కాల్చలేను. మీరు మానలేరు. కంప్యూటరు లేకపోతే రాయడం ఉండదు. రాయకపోతే దానంతటదే... ఎవరం ఏం చెయ్యక్కర్లేదు కదా అని.”

“ఆ బండి తెచ్చేవాడు?”

“ఎవడూ రావడం లేదండీ.”

“ఎంత పని చేశావు. కాదులే, ఎంత పని చేశాం. నువ్వు కాల్చకుండా, నేను ఆపకుండా, దాన్ని అలా ఆ బురదలో ఉంచేశాం ఇద్దరమూ.”

“మీరు ఏడవకండి.”

“నువ్వు మానెయ్యి ముందు.”

“పోనీ ఇవాళ కాలుస్తాను అత్తయ్యా. ఇక్కడే, మీ పక్కన కూర్చుని. మీరు రాసేయండి. ఆ ఇద్దరూ కూడా గోతిలోంచి లేచి పోతారు పాపం.”

“నువ్వు మళ్ళీ కాల్చక్కర్లేదు.”

“కాల్చకపోతే ఎలా? ఇంకో దెబ్బ తగిలితేనే కదా...”

“అక్కర్లేదంటున్నానా. ఆ మొదటి దెబ్బే చాలు.”

“చాల్లేదు కదండీ. ఊపిరి ఆడుతోందని తనే చెప్పింది కదా.”

“అది చెప్పలేదు.”

“మరేం చెప్పింది?”

“‘పోయాడని రాయమ్మా’ అంది. ‘ఒక్క దెబ్బకే పోయాడని, నత్త గురికి తిరుగులేదని రాయి, చదువుకుని మురిసిపోతాడు’ అంది. నా పక్కనే ఉంది బాబూ, నా చెయ్యి పట్టుకుని మాట్లాడుతోంది. పోయాడని నేనెలా కొట్టను?”