జవాబు కోసం ఆగే మేడమ్‌గారు

1990 జూన్ పద్దెనిమిదో తేదీన మా పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయినిగా చేరిన మేడమ్‌గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పక్క గదిలో చిన్న తరగతులకు లెక్కలు చెప్పే నాకు, వారిని గురించి నాలుగు మాటలు రాసే అవకాశం దక్కడం దైవానుగ్రహంగా భావిస్తున్నాను.

చేరిన కొత్తలోనే పిల్లలు వారికి 'ఎందుకు మేడమ్' అని పేరు పెట్టారు. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజుగ్లాసు బోర్లించి, అది ఆరిపోగానే "ఎందుకు ఆరింది?" అని అడిగేవారు. అడిగి, ఎవరి పేరూ పిలవక, చేతులు కట్టుకుని నిలబడేవారు. ముందే ఒకరి పేరు పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారని వారి నమ్మకం. అప్పుడు ఆ గదిలో నా తరగతి ఎక్కాల గోల తప్ప మరేమీ వినిపించేది కాదట. తప్పు జవాబు వస్తే కసిరేవారు కారు. "నీకలా ఎందుకనిపించిందిరా?" అనేవారు. ఆ దారి వెంటే పిల్లవాడు సరైన జవాబు దాకా నడిచి వచ్చేవాడు.

ఇంట్లోనూ అదే వరస. "కూరెలా ఉందంటుందండీ. బాగుందంటే, ఎందుకు బాగుందంటుంది. చెప్పేదాకా గరిటె కదలదు. మా ఇంట్లో నాది ఆఖరి బెంచీయే!" అని వారి శ్రీవారు ఒకసారి మమ్మల్నందరినీ నవ్వించారు.

తరువాత రోజులు మారాయి. ఉత్తీర్ణత శాతం పెరగాలన్నారు. అచ్చువేసిన ప్రశ్నలూ జవాబులూ పిల్లల చేతికొచ్చాయి. "ముందు సిలబస్ పూర్తి చేయండమ్మా, ఆలోచనలు సెలవుల్లో చూసుకుందాం" అని హెడ్మాస్టరుగారు మర్యాదగానే చెప్పారు. నిరుడు మేడమ్‌గారు కిటికీకి తడిగుడ్డ ఆరేసి, అది ఆరాక "నీళ్లేమయ్యాయి?" అని అడిగారు. "బాష్పీభవనం!" అని తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది.

"అంటే? ఏం జరిగింది?"

ఆమె ఆగారు. చివరికి ఒక పాప లేచి, "మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?" అంది. మేడమ్‌గారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. ఆ పాపను మాత్రం ఏమనగలం?

ఆమె స్థానంలో ఎవరినీ నియమించరనీ, తెర మీద రికార్డు పాఠాలు వేస్తారనీ గత వారం స్టాఫ్‌రూంలో తెలిసింది.

"వాటిలోనూ ప్రశ్నలుంటాయి మేడమ్" అన్నారు డ్రిల్లు మాస్టారు, ఓదార్పుగా.

"ఉంటాయి మాస్టారూ. అడిగి, వెంటనే జవాబు కూడా ఆ తెరే చెప్పేస్తుంది. మరి పిల్లల్ని ఎవరడుగుతారు?"

ఆమె ఎవరి పేరూ పిలవలేదు. చేతులు కట్టుకుని ఆగారు. మేమంతా టీ కప్పుల్లోకి చూస్తూ ఉండిపోయాం. బెల్లు కొట్టారు.

ఇన్నేళ్ల శ్రద్ధ ఏ ఒడ్డుకు చేరిందని రోజూ పూజలో దేవుణ్ణి అడుగుతున్నాను. నేనే ఆలోచించుకోవాలని ఆయన ఆగాడో, చెప్పడానికేమీ లేక ఊరుకున్నాడో, నాకు తెలియదు.

మేడమ్‌గారు ప్రశ్న అడిగాక ఎంతసేపైనా ఆగగలరు. ఈసారి జవాబుకు చాలా కాలం పట్టేట్టుంది. అందుకోసమైనా ఆ భగవంతుడు వారికి చెదరని ఆరోగ్యాన్నీ, నిండు ఆయుష్షునూ ప్రసాదించాలని వేడుకుంటున్నాను.